మామ పంచె మీద సీటు అచ్చు

నాగోలులో ఒక ఫంక్షన్ హాలు. మే నెల, మిట్టమధ్యాహ్నం. మామ కారు దిగాడు. ఒంటి మీద ఇస్త్రీ నలగని తెల్ల పంచె, జరీ అంచు. దిగేటప్పుడు సీటు దగ్గర 'చర్ర్' మని చప్పుడైంది, పుండు మీద ప్లాస్టరు పీకినట్టు. మామ పట్టించుకోలేదు. పన్నీరు చల్లించుకుని నాలుగడుగులు లోపలికి వేశాడు. అప్పటికే వెనకున్నవాళ్లకు పంచె మీద కారు సీటు కనబడుతోంది. నిలువుగా మూడు గీతలు, అంచున పైపింగు, కుట్టుకూ కుట్టుకూ మధ్య సందుతో సహా, బ్లాకుతో అచ్చుగుద్దినట్టు.

"మామా, జర ఆగు."

"ఏంది అల్లుడూ?"

"ఏం లేదు... వెనకాల కొంచెం రంగు అంటింది."

"కొంచెం అంటే ఎంత?"

అల్లుడు నోరు మెదపలేదు. మెదపాల్సిన పని కూడా లేకపోయింది. మగపెళ్లివారి పిల్లాడొకడు వేలితో లెక్కపెట్టి, "తాతా, నీ దోతికి పన్నెండు కుట్లున్నయ్" అని చెప్పేశాడు.

ఈ పన్నెండు కుట్లకు పునాది రెండు వారాల ముందు పడింది.

మామది పదకొండేళ్ల సెడాన్. లోపలంతా బీజ్. బీజ్ అంటే కచ్చితంగా ఏ రంగో అమ్మినవాళ్లూ చెప్పలేరు, కొన్నవాళ్లూ చెప్పలేరు. కొత్తలో పాలు ఎక్కువైన టీ రంగు. ఏడాదికింత పాలు తగ్గుతూ వచ్చి, పదకొండో ఏటికి ఉత్త డికాక్షన్ మిగిలింది. హెడ్‌రెస్ట్‌ల మీద కొబ్బరినూనె వలయాలు. డ్రైవరు వైపు ఆర్మ్‌రెస్ట్ మోచేతి చెమట తాగి జిడ్డోడుతోంది. డ్యాష్‌బోర్డు మీద పదకొండు దసరాల పసుపు, కుంకుమ ప్లాస్టిక్కు గరుకు సందుల్లో ఇంకిపోయాయి. ఆ నడుమ వినాయకుడు. డబుల్ టేపు మీద కూర్చున్న వినాయకుడు కాబట్టి, ఎండలకు జిగురు కరిగి రోడ్డు ఎటు తిరిగితే అటు ఒరుగుతుంటాడు. వీటన్నిటి మీదా ప్రతి ఆదివారం మామ తన చేత్తో కొట్టిన డ్యాష్‌బోర్డు పాలిష్. ఈ పాలిష్‌ను గుర్తుపెట్టుకోండి, కథలో విలన్ ఇదే.

"లోపలంతా నల్లగా కొట్టేస్తే పోలా, మామా? కొత్త బండిలెక్క ఉంటది," అన్నాడు అల్లుడు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రుళ్లు వీడియోల చదువు.

నలుపు అన్న ఆలోచనలో తప్పు లేదు. లేత రంగు మీద ముదురు రంగు పలచటి కోటింగులు మూడు నాలుగింటితో కూర్చుంటుంది. నలుపును బీజ్ చేయాలంటే అయిదారు కోటింగులు పడతాయి, ఆ పైన గోరు గీసుకున్న ప్రతిచోటా అడుగు నలుపు తొంగిచూస్తుంది. నలుపుతో ఇంకో లాభం, డ్యాష్‌బోర్డు నీడ ముందు అద్దంలో తక్కువ పడుతుంది. నష్టం కూడా ఉంది. మన మే ఎండలో నిలబెట్టిన బండిలో నల్ల డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా కాగుతుంది, దోసె పోయలేం గానీ పెనం వేడెక్కిందనుకోవచ్చు. కాగితాల గొడవ మాత్రం లేదు. ఆర్‌సీలో రాసేది బండి బయటి రంగు. లోపల చిలకాకుపచ్చ కొట్టుకున్నా అడిగే నాథుడు లేడు.

తప్పు రాణీగంజ్‌లో మొదలైంది. అక్కడ ఒక దుకాణం ముందు బైకు స్టాండు కూడా వేయకుండానే అల్లుడు అడిగాడు, "అన్నా, నల్ల స్ప్రే ఉందా?"

"దేనికి?"

"కారుకు."

కారుకని చెప్తే కారు రంగే ఇస్తారు. 400 మిల్లీలీటర్ల డబ్బాలు మూడు చేతికొచ్చాయి. గ్లాసీ బ్లాక్, అంటే నిగనిగలాడే నలుపు, బంపర్ల మీద గీతలు పడితే కొట్టుకునే రకం. అడగాల్సింది రెక్సిన్ లాంటివాటికి కొట్టే వినైల్ కోటింగు. దాన్ని వినైల్ డై అని కూడా అంటారు గానీ అది బట్టల డైలాగా లోపలికి ఇంకేది కాదు. అదీ పైపై పూతే. కాకపోతే రెక్సిన్ వంగితే తనూ వంగుతుంది, సాగితే తనూ సాగుతుంది, కింద తోలులా కనబడే తోలుగింజల గరుకు డిజైను పూడిపోనంత పలచగా ఉంటుంది. మామూలు స్ప్రే ఆరాక బిరుసెక్కుతుంది. రేకుకు ఆ బిరుసు ఫరవాలేదు, సీటుకు పనికిరాదు.

లెక్క కూడా కుదరలేదు. ఒక డబ్బా మూడు నాలుగు పలచటి కోటింగుల చొప్పున చదరపు మీటరు పైచిలుకు వస్తుంది. తలుపుల లోపలివైపు పలకలు, అంటే డోర్ ప్యాడ్లు, నాలుగూ కలిపి రెండున్నర, మూడు చదరపు మీటర్లు. అంటే మూడు డబ్బాలు తలుపులకే సరి. డ్యాష్‌బోర్డు, పిల్లర్లు, గేరు చుట్టూ ఉన్న ముక్కలు, సీట్లు అన్నీ మూడు డబ్బాల్లో అయిపోతాయనుకోవడం, పావు కిలో చింతపండుతో ఊరంతటికీ పులిహోర కలుపుతాననడమే.

అయినా అల్లుడు మరీ తొందరపాటు మనిషి కాదు. వీడియోలో చెప్పినట్టే కనబడనిచోట ముందు పరీక్ష చేశాడు. గ్లవ్ బాక్స్ మూత లోపలివైపు అరచెయ్యంత మేర కొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, పొద్దున్నే బ్లేడుతో అడ్డం నిలువు గీతలు గీసి, టేపు అంటించి లటుక్కున లాగాడు. చుక్క రంగు రాలేదు. "ఐపాయె!" అనుకున్నాడు. ఆ మూత ఏబీఎస్ ప్లాస్టిక్కు, రంగును తేలిగ్గా పట్టుకునే జాతి. పైగా మామ పాలిష్ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఆ మూలకు చేరలేదు. పరీక్ష పాసైంది అసలు పరీక్షకే రాని ముక్క.

శనివారం పొద్దున సెల్లార్‌లో డోర్ ప్యాడ్లు విప్పే కార్యక్రమం. ఈ పనికి గట్టి ప్లాస్టిక్కుతో చేసిన చపటా పుల్లలు సెట్టుగా దొరుకుతాయి. అల్లుడు తీసింది ఇంట్లో స్క్రూడ్రైవరు. ముందు స్క్రూలు విప్పాలి. ఒకటి లోపలి హ్యాండిల్ వెనక బుల్లి మూత కింద, ఇంకోటి చేత్తో తలుపు లాక్కునే గుంటలో, అద్దం వెనక మూడు మూలల ముక్క కింద కొన్ని బండ్లలో మరొకటి. ఆ మూడోది కనబడక అల్లుడు బలంగా లాగాడు. క్లిప్పులు ఒక్కోటి 'టక్' మని వదిలాయి. 'టక్' మంటే ఊడినట్టు, 'టిక్' మంటే విరిగినట్టు. తొమ్మిదింటిలో నాలుగు 'టిక్' మన్నాయి. ఇలాంటప్పుడు ముందే డజను క్లిప్పులు కొని జేబులో వేసుకోవాలి. విరిగినవాటితోనే బిగిస్తే గుంతలో పడ్డ ప్రతిసారీ తలుపు పళ్లు కొరుకుతుంది.

ప్యాడ్ వెనక పాలిథీన్ షీటు, దాన్ని తలుపుకు పట్టి ఉంచే నల్ల బ్యూటైల్ జిగురు. వాన నీళ్లు కాళ్ల దగ్గరికి రాకుండా ఆపేది ఆ షీటే, చింపకూడదు. అల్లుడు చింపలేదు పాపం. ఆ జిగురంటిన చేతిని మాత్రం లేచి నిలబడేటప్పుడు ఆసరాకని బండి కప్పుకు ఆన్చాడు. కప్పుకున్న గుడ్డ బీజ్. అయిదు వేళ్లూ స్పష్టంగా పడ్డాయి, గృహప్రవేశానికి గోడ మీద వేసే చేతి ముద్రలా. మిగతాదంతా ఏమైనా ఆ ముద్ర ఈనాటికీ చెక్కుచెదరలేదు.

ప్యాడ్ వెనక్కి తిప్పితే బాణపు గుర్తుల మధ్య పీపీ-టీడీ20 అని చెక్కి ఉంది. అల్లుడు అది పార్టు నంబరనుకుని ఫొటో తీసి దాచుకున్నాడు. నిజానికి అది జాతకం. పీపీ అంటే పాలీప్రొపిలీన్, టీడీ20 అంటే అందులో 20 శాతం టాల్క్ పొడి. పాలీప్రొపిలీన్ నైజం మైనం లాంటిది, దేన్నీ దగ్గరికి రానివ్వదు. ఏ రంగు కొట్టినా మీద కూర్చుంటుందే తప్ప లోపల వేరు పట్టదు. అందుకని రంగు కంటే ముందు ఎడ్హీషన్ ప్రమోటర్ అనే నీళ్లలాంటి పారదర్శక పూత ఒకటి పలచగా కొట్టాలి. అది ఇంకా కాస్త జిగటగా ఉండగానే, డబ్బా మీద రాసిన టైము దాటకుండా, రంగు మొదలుపెట్టాలి. ఈ ఒక్క డబ్బా కొననందుకే తలుపుల రంగు నాలుగో రోజు గోరు తగిలి అరటి తొక్కలా పట్టీలు పట్టీలుగా లేచొచ్చింది.

ఇక విలన్ సంగతి. చాలా డ్యాష్‌బోర్డు పాలిష్‌లలో మెరుపునిచ్చేది సిలికాన్ నూనె. అది ఉన్నచోట రంగు పడగానే చుట్టూ జరిగిపోయి గుండ్రటి గుంటలు వదులుతుంది. పెయింటర్లు ఫిష్ ఐ అంటారు, చూస్తే అచ్చం వేయించిన చేప మనల్ని చూస్తున్నట్టే ఉంటుంది. అల్లుడు తడిగుడ్డతో ఒకసారి తుడిచి 'క్లీనింగ్' అయిందన్నాడు. సిలికాన్‌కు తడిగుడ్డ ఒక లెక్కా? తుడవడంతో ఆగక ఎమెరీ కాగితం కూడా రుద్దాడు. కడగకుండా రుద్దడం కడగకపోవడం కంటే చేటు. పైనున్న జిడ్డంతా ఆ గీతల్లోకి దిగి కాపురం పెడుతుంది.

వరస ఇలా ఉండాలి. ముందు గిన్నెల సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్షు, ఆ తోలుగింజల సందుల్లోకి పోయేలా. కడిగి ఆరబెట్టాక ఐపీఏ అనే ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడవాలి, ఒక గుడ్డతో తడపడం, ఆరిపోయేలోపే ఇంకో పొడిగుడ్డతో తీసేయడం. ఒకే గుడ్డతో పదిసార్లు తుడిస్తే జిడ్డు చోటు మారుతుందే తప్ప పోదు. తర్వాత స్కఫ్ ప్యాడ్ అనే బూడిదరంగు గరుకు పీచుతో మెరుపు చచ్చేదాకా తేలిగ్గా రుద్ది, మళ్లీ సబ్బు నీళ్లు, మళ్లీ ఐపీఏ. సరిపోయిందో లేదో నీళ్లే చెప్తాయి. గ్లాసుడు నీళ్లు పోస్తే పొరలా పరుచుకుని జారిపోవాలి. చామాకు మీద బొట్టుల్లా ముత్యాలు కట్టాయంటే జిడ్డు పోలేదని, మొదటికి రావాలి. నాలుగు తలుపులకు ఈ తోముడు ఒకటిన్నర రోజు పని. రంగు కొట్టడం గంట.

అల్లుడు తోముడు గంటలో ముగించాడు. సెల్లార్‌లో స్ప్రే కొడితే వాసన పైదాకా వస్తుందని, పక్క ఫ్లాటాయన తెల్ల కారు మీద పడుతుందని అసోసియేషన్ సెక్రటరీ అడ్డుపడితే, ప్యాడ్లు మోసుకుని టెర్రస్‌కు చేరాడు. పదకొండు గంటలు. ఎండ నెత్తి మీద నిప్పులు చెరుగుతోంది, గాలి పడమటి నుంచి ఉండుండి వీస్తోంది. అవతలి వైపు, తూర్పున, అత్తమ్మ పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పోసి వెళ్లింది.

స్ప్రేకు దూరం 20 నుంచి 25 సెంటీమీటర్లు. దగ్గరైతే రంగు కన్నీళ్లలా కారుతుంది. దూరమైనా, ఎండ మరీ ఎక్కువైనా రంగు తుంపర గాల్లోనే ఆరిపోయి గరుకు దుమ్ములా పడుతుంది. మే నెలలో పొద్దున ఏడు లోపల కొట్టుకోవాలి. వానాకాలం ముసురులోనూ వద్దు, గాలిలో తేమ పట్టి నలుపు మీద తెల్ల పొగలా తేలుతుంది. మొదటి కోటింగు చూస్తే 'అసలు కొట్టావా?' అనిపించాలి, అడుగు రంగు సగం కనబడాలి. పది నిమిషాలు ఆగి రెండోది, మళ్లీ ఆగి మూడోది. నొక్కడం ప్యాడ్ అంచు దాటి బయట మొదలుపెట్టి, అవతలి అంచు దాటాక వదలాలి.

అల్లుడు మొదటి కోటింగులోనే బీజ్ కనబడకూడదని పంతం పట్టాడు. దగ్గర పెట్టి కొడితే కారింది. కారిందని దూరం జరిగి కొడితే దుమ్ములేచింది. లేచిన దుమ్మును గాలి తూర్పుకు తీసుకుపోయింది.

పన్నెండింటికి అత్తమ్మ వడియాలు తిరగేయడానికి వచ్చింది. ఒకటి చేతిలోకి తీసుకుని ఎండకెత్తి చూసింది.

"ఏమయ్యా, నేను నువ్వులు ఎయ్యలేదు గదా?"

"అత్తమ్మా, అది..."

"నల్లనువ్వులు. ఇంత సన్నగ ఏడ దొరికినయ్?"

రెండు కిలోల సగ్గుబియ్యం. ఆ సాయంత్రం ఇంట్లో పప్పుచారు ఉంది, నంజుకోవడానికి ఏమీ లేదు. దానికి వివరణ ఎవరూ అడగలేదు.

డ్యాష్‌బోర్డు విప్పడం ఇంటి దగ్గర అయ్యే పని కాదు గనక బండిలోనే కొట్టాడు. అద్దాలకు న్యూస్ పేపర్ కట్టాడు. పలచటి పేపర్లోంచి తడి రంగు అవతలికి ఊరుతుంది. దళసరి మాస్కింగ్ పేపరో ప్లాస్టిక్కు షీటో కావాలి. అద్దం లోపలివైపు ఒక పెళ్లి సంబంధాల ప్రకటన తిరగబడి అచ్చుపడింది, 'వధువు కావలెను' వరకు చదవొచ్చు. మూసిన బండిలో జేబురుమాలు ముక్కుకు కట్టుకుని స్ప్రే కొట్టడం మాత్రం నవ్వుకునే సంగతి కాదు. థిన్నర్ ఆవిరికి రుమాలు అడ్డం కాదు, బొగ్గు ఫిల్టరున్న మాస్కు కావాలి, తలుపులన్నీ బార్లా తీసి ఉండాలి.

ఎయిర్‌బ్యాగ్ మూతల మీద అసలు చెయ్యి వేయకూడదు. ఆ మూత బలహీనంగా చేసిన గీత వెంట చీలి తెరుచుకునేలా తయారవుతుంది. దాని మీద దట్టంగా రంగు పూస్తే తెరుచుకునే తీరు మారొచ్చు, గట్టిపడ్డ పెచ్చులు మొహం మీదికి ఎగరొచ్చు. స్టీరింగు నడుమ భాగం, ఎడమవైపు డ్యాష్‌బోర్డు మూత, సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ట్యాగు ఉంటే ఆ పక్క, ఇవన్నీ టేపు వేసి వదిలేయాలి. పసుపు రంగు కనెక్టరు ఏదైనా కనబడిందంటే అది ఎయిర్‌బ్యాగ్ వైరింగు. బ్యాటరీ నెగటివ్ తీసి కనీసం పది నిమిషాలు ఆగకుండా దాన్ని ముట్టకూడదు. అదృష్టం బాగుండి, డ్యాష్‌బోర్డు సగానికి వచ్చేసరికి డబ్బాలు అయిపోయాయి. ఎడమవైపు మూత బీజ్‌గానే మిగిలింది. అల్లుడు చేసిన పనుల్లో భేషైనది ఈ చేయని పనే.

చేసిన సగమూ గ్లాసీ బ్లాక్. మర్నాడు మామ మెహిదీపట్నం నుంచి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే ముందు అద్దంలో రోడ్డుతో పాటు ఆకాశం, మబ్బులు, తలకిందులైన వినాయకుడు. డ్యాష్‌బోర్డు పైభాగానికి మెరవని మ్యాట్ రంగు తప్ప ఇంకేదీ పనికిరాదు, అది అందం సంగతి కాదు, ఎదర ఏముందో కనబడాలి గదా.

చివరికి సీట్లు. వీధి చివర హార్డ్‌వేర్ షాపులో ఇంకో రెండు డబ్బాలు తెచ్చాడు. అదే రకం. సీట్లకున్న రెక్సిన్ పీవీసీ. పీవీసీ సహజంగా గొట్టంలా గట్టిది. దాన్ని మెత్తగా ఉంచడానికి ప్లాస్టిసైజర్ అనే నూనె కలుపుతారు. ఆ నూనె ఏళ్ల తరబడి పైకి ఊరుతూనే ఉంటుంది, కొత్త కారు అద్దాల లోపలివైపు పట్టే మసకలో దాని వాటా కూడా ఉంది. ఆ ఊట మామూలు రంగులోకి ఎక్కిందంటే రంగు ఎన్నాళ్లున్నా పూర్తిగా ఆరదు. చేత్తో ముడితే ఆరినట్టే ఉంటుంది. 42 డిగ్రీల ఎండలో బండి గంట నిలబడి, ఆ మీద మనిషి బరువు కూర్చుందంటే మళ్లీ జిగురే. సీట్లకు రంగు పడ్డాక వారమంతా చీకటి పడ్డాకే తిరిగారు కనుక ఏమీ తెలియలేదు. ముహూర్తం మిట్టమధ్యాహ్నం పడింది.

పెళ్లినుంచి వచ్చాక అల్లుడు రంగు తీసేస్తానని డూకో థిన్నర్ తెచ్చాడు. కిటికీ స్విచ్చుల చుట్టూ ఉన్న ఏబీఎస్ చట్రం మీద గుడ్డ పెట్టగానే రంగుతో పాటు చట్రమూ కరిగి, వేలిముద్ర పడేంత మెత్తబడింది. సీటు మీద ఒత్తితే రెక్సిన్ ఉబ్బి తోలుగింజలు చదునయ్యాయి. అప్పుడు గానీ ఐపీఏ దగ్గరికి రాలేదు. దూదిని తడిపి అద్ది, నిమిషం ఆగి, రుద్దకుండా ఒత్తి తీయాలి. రెండు లీటర్ల ఐపీఏ, మూడు పాత బనియన్లు, నాలుగు సాయంత్రాలు. రెండో సాయంత్రానికి పదకొండేళ్ల పాలిష్, కొబ్బరినూనె, టేపు జిగురు అన్నీ బనియన్లకెక్కాయి. అడుగునున్న బీజ్ బయటపడింది. పాలు ఎక్కువైన టీ.

మామ కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. "గిది మన బండేనా?" అన్నాడు. "మరి గింత మంచిగున్నదానికి నలుపెందుకు కొట్టినవ్?"

తలుపులకు కొత్త క్లిప్పులు పడ్డాయి. సీట్లకు కవర్లు వచ్చాయి. పంచె మాత్రం ఎన్ని ఉతుకులకూ లొంగక ఇప్పుడు బండి తుడిచే గుడ్డ అయింది, కుట్లు ఇంకా కనబడతాయి. చుట్టాలు బండెక్కి ఆ ముచ్చట ఎత్తితే మామ ఏమీ అనడు. చెయ్యి చాపి గ్లవ్ బాక్స్ మూత తెరుస్తాడు. లోపల అరచెయ్యంత నలుపు, మెరుస్తూ, పెచ్చు లేవకుండా, నిన్న కొట్టినట్టు.

"మా అల్లుడే ఏసిండు. గోరుతో గీకి చూడుండ్రి, పోదు."